దారం కాల్చి చూసే మనిషి

ఆ ఉదయం ఆ గదిలో ఉన్న మనుషులు: నూకాలు, ఆమెతో మా ఫ్యాక్టరీలో పనిచేసే మరో ముగ్గురు ఆడవాళ్లు, ఇంటి యజమాని, నేను. ఉన్న వస్తువులు: నులక మంచం ఒకటి. సైకిలు చక్రం పుల్లలు అరగదీసి చేసిన అల్లిక సూదులు తొమ్మిది. మెడ పట్టీ మాత్రమే అయిన అల్లిక ఒకటి. పాత ఉన్ని కుక్కిన గోనె సంచులు మూడు. కుంకుడుకాయల డబ్బా. కరక్కాయలు, ఎండిన దానిమ్మ తొక్కలు ఉన్న సత్తు బేసిను. వాలుగ చేప దవడ ఒకటి, పళ్లతో సహా. అగ్గిపెట్టెలు ఇరవై రెండు. అందులో పంతొమ్మిది ఖాళీవి.

ఆ గదిలో ఉండే మనిషిని రెండు రోజుల క్రితమే కాటికి తీసుకెళ్లారు. ఇంటి యజమాని వస్తువుల వంక చూసి, "ఇయ్యన్నీ ఏటి సేత్తాం?" అన్నాడు. నేను జేబులోంచి కాగితం తీసి జాబితా రాసుకున్నాను. అది ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆయన పేరు నాకు తెలుసు. రాయను. పేరు అడిగిన ప్రతివాడినీ ఆయన "ఎందుకు?" అని అడిగేవాడు. సరైన జవాబు ఎవరూ చెప్పగా నేను వినలేదు. మల్కాపురంలో ఆ గదుల వరసలో ఉన్నవాళ్లు, స్వెట్టర్లు అల్లుతాడని, సెట్టరు తాత అనేవారు. ఓడల్లో లష్కరుగా, అంటే డెక్కు మీది పనివాడిగా, పనిచేసి వచ్చాడు. అల్లిక అక్కడే ఎవరో ముసలి నావికుడి దగ్గర నేర్చుకున్నాడట. అంతకుమించి ఆయన గురించి ఎవరికీ ఏమీ తెలియదు. తెలిసినవాళ్లమని చెప్పేవాళ్ల మాటలు ఒకదానితో ఒకటి కలిసేవి కావు.

నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా పూర్తిచేసి, ఉక్కు కర్మాగారం నుంచి పిలుపు వచ్చేదాకా అనుకుని చేపల రేవు పక్కనున్న ఒక రొయ్యల ఫ్యాక్టరీ లాబులో చేరాను. అక్కడ రొయ్యల్ని ఇనుప పళ్లాల్లో గడ్డ కట్టిస్తారు. ఆ పలకల్ని ఒక్కొక్కటే ఐసు నీళ్లలో ముంచి తీసి, అట్టపెట్టెల్లో సర్ది, సున్నాకు ఇరవై డిగ్రీల కింద ఉండే గదిలో పేరుస్తారు. ముంచడం, సర్దడం, పేర్చడం పద్నాలుగు మంది ఆడవాళ్ల పని. బయట విశాఖపట్నం మొత్తం చెమటతో తడుస్తుంటే వాళ్లు లోపల ఐసు నీళ్లతో తడిసేవాళ్లు. కంపెనీ ఇచ్చిన ఆక్రిలిక్ స్వెట్టర్లు పది గంటలకల్లా తడిసి ఒంటికి అంటుకుపోయేవి. అందరికంటే పెద్దది నూకాలు. ఆమె దగ్గు లాబు గోడ దాటి నాకు వినిపించేది.

తాత గదికి పక్క గది నూకాలుది. ఒక డిసెంబరు సాయంత్రం డ్యూటీ దిగాక ఆమే నన్ను తీసుకెళ్లింది. "మా తాత అల్లిన సెట్టరు తడిసినా ఎచ్చగానే ఉంటాది బాబూ. మీరు సదువుకున్నోళ్లు, ఓపాలి సూసి మేనేజరు బాబుకి సెప్పండి" అని.

మేం వెళ్లేసరికి ఆయన గుమ్మంలో కూర్చుని అల్లుతున్నాడు. నేను నమస్కారం పెట్టాను. ఒక వేలు పైకెత్తాడు. వరస పూర్తయ్యేదాకా ఎవరికీ జవాబు చెప్పడని నాకు తర్వాత అర్థమైంది. కుట్లు లెక్కపెట్టేటప్పుడు పలకరించేవాడు లెక్క తప్పించడానికే వచ్చాడని ఆయన నమ్మకం. వరస అయ్యాక సూది ఒళ్లో పెట్టుకుని నన్ను కింది నుంచి పైకి చూశాడు.

"ఎవలు పంపినారు?"

"ఎవరూ పంపలేదు. నూకాలు తీసుకొచ్చింది."

"అదే అడుగుతన్నాను. నూకాల్ని ఎవలు పంపినారు?"

"నన్నెవుడు పంపుతాడు తాతా? నా కాళ్లు పంపినాయి" అంది నూకాలు.

ఆయన నవ్వలేదు. నా స్వెట్టరు అంచు పట్టుకున్నాడు. చలికాలంలో ఊళ్లోకి వచ్చి రోడ్డు పక్కన అమ్మే నేపాలీల దగ్గర మా అత్త కొని ఇచ్చిన స్వెట్టరు అది. మెడ దగ్గర స్వచ్ఛమైన ఉన్ని అని ఇంగ్లీషులో చీటీ ఉంది. ఆయన చీటీ వంక చూడనే లేదు. అంచులో వేలాడుతున్న ఒక పోగు తెంపి, అగ్గిపుల్ల గీసి అంటించి, నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏటి వాసన?"

"ప్లాస్టిక్."

చల్లారనిచ్చి నా అరచేతిలో వేశాడు. చివర నల్లటి గట్టి పూస. గోటితో నొక్కినా నలగలేదు.

"బొచ్చయితే ఎంట్రుక కాలిన కంపొచ్చి బూడిదవుతాది. ఇది గొర్రె మీద పుట్టినాది కాదు బాబూ. అదిగో, అక్కడ పుట్టినాది" అని రిఫైనరీ పొగగొట్టం వైపు చూపించాడు.

నాకు ఈ పరీక్ష పుస్తకంలో చదివినదే. నా సొంత స్వెట్టరు మీద చేసి చూడాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాను. ఎందుకని అడిగితే, స్వెట్టర్ల విషయం చూడటానికి అనేవాడిని. అసలు కారణం అనుమానం. అంత ఉన్ని ఆయనకు ఎక్కడ నుంచి వస్తోంది? ఆయన చెప్పేది ఇది: ఓడల ఒంటికి పట్టిన తుప్పు గోకే పనికి వెళ్లే కూలీలకు విదేశీ నావికులు తమ పాత స్వెట్టర్లు ఇస్తారు. కూలీలు వాటిని ఈయనకు తెచ్చిస్తారు. ఈయన విప్పి, కుంకుడు రసంలో ఉతికి, కరక్కాయతోనో దానిమ్మ తొక్కతోనో రంగు కట్టి, కొత్తగా అల్లుతాడు. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేస్తాడు. కలరా ఉండలు గదిలోకి రానివ్వడు. చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే నాకు అనుమానం. నా మనసులో మూడు ఊహలున్నాయి. ఒకటి, దొంగ సరుకు. రెండు, కల్తీ సరుకు. మూడు, రెండూ.

ఒకసారి గోధుమరంగు పాత స్వెట్టరు ఒకటి విప్పుతూ కనిపించాడు. పురుగు కొట్టి మోచేతుల దగ్గర జల్లెడ అయిపోయింది. ముట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టుంది.

"ఇది గొర్రె కాదు. మంచుకొండల మేక. పైబొచ్చు కాదు, దాని కిందుండే నూగు. కత్తిరించరు. దువ్వి తీత్తారు. ఒక్క సెట్టరుకి మూడు నాలుగు మేకలు ఏడాదంతా పెంచాలంట."

"కాశ్మీరు మేకా?"

"ఏ ఊరిదో నానేటి దాన్ని అడిగినానా?"

"మీకెక్కడిది తాతా?"

"ఇచ్చినాడు."

"ఎవరు?"

"ఇచ్చినోడు."

చిక్కుపడి దారానికి పనికిరాని ముక్కల్ని వాలుగ దవడతో దువ్వుతున్నాడు. ఆ చేప పళ్లు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. పొందూరు వైపు పత్తిని వాటితోనే ఏకుతారు. వాళ్లమ్మ ఆ పని చేసేదట. ఆయన తన గురించి తనంతట తాను చెప్పింది నాకు తెలిసి ఇదొక్కటే. చెప్పాక, ఎందుకు చెప్పానా అన్నట్టు కాసేపు నా వంక అనుమానంగా చూశాడు.

వీపు వెనుక ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. టీ కొట్టులో గ్లాసు తనే కడుక్కునేవాడు. సూదులు లెక్కపెట్టి పడుకునేవాడు. సింహాచలం కొండ మీద ఒక పూజారి పట్టుపంచె అంచు నుంచి పోగు లాగి జేబులో వేసుకున్నాడని నూకాలు చెప్పింది. నిజమా అని అడిగాను.

వరస పూర్తిచేసి, "పట్టే" అన్నాడు.

మేనేజరుగారిది కృష్ణా జిల్లా. మంచివాడే, కాగితం లేనిదే ఏ పనీ చేయడు. నూకాలు, మిగతా పదమూడు మందీ ఒకరోజు ఆయన గది ముందు నిలబడి ఉన్ని స్వెట్టర్లు కావాలని అడిగారు. ఆయన నన్ను పిలిచాడు. "ఆ ముసలాయనది నిఖార్సయిన ఉన్నేనని నువ్వు రాసిస్తే పద్నాలుగూ ఆయన చేతే అల్లిద్దాం. కాదంటే బజార్లో దొరికేవి కొనేద్దాం. నీ రిపోర్టును బట్టే సుమా."

ఆ ఏడు నూకాలు చలిగదిలో నిలబడుతుందా లేదా అన్నది ఇప్పుడు నా కాగితం మీద పడింది. డాక్టరు అప్పటికే ఆమెను పని మానమన్నాడు. పని మానితే ఇంట్లో పొయ్యి వెలగదు.

తాత అప్పటికే నాలుగు స్వెట్టర్లు అల్లి ఉంచాడు. మొదటిది నూకాలు కొలతకు. దాన్ని పరీక్షకు ఇవ్వమంటే రెండు రోజులు ఒప్పుకోలేదు.

"నీ సీసాలో ఏటి పోత్తావో నాకేటి తెలుసు?"

"కాస్టిక్ సోడా. వేడి చేస్తే ఉన్ని పూర్తిగా కరిగిపోతుంది. ఆక్రిలిక్, నైలాను కరగవు. ఎంత మిగిలితే అంత కల్తీ."

"కరగబెట్టడానికా నాను అల్లింది?" అన్నాడు. చివరికి స్వెట్టరు పొట్ట దగ్గర లోపలివైపు నుంచి తన చేత్తో మూరెడు దారం విప్పి, కోసి, నాకిచ్చాడు. స్వెట్టరు కూడా చూపించడానికి తీసుకెళ్లమన్నాడు.

నమూనా సేకరణకు మాకు నేర్పిన మొదటి సూత్రం: సరుకు అమ్మేవాడు తానుగా చేతికిచ్చిన నమూనాను తీసుకోకూడదు. ఆయన ఇచ్చిన దారాన్ని కవరులో పెట్టి, కవరు సొరుగులో పెట్టాను. ఎవరూ చూడకుండా మణికట్టు పట్టీ లోపలి నుంచి వేరే ముక్క కత్తిరించుకున్నాను. పదిహేను నిమిషాలు వేడి చేశాను. కరిగింది. పూర్తిగా కాదు. ఐదో వంతు మిగిలింది. సన్నటి, నునుపైన, తెల్లటి పోగులు. నైలాను.

నాకు బాధ కలగలేదు. నిజం చెప్పాలంటే సంతోషం కలిగింది. ఇన్నాళ్ల అనుమానం వృథా కాలేదు. రిపోర్టులో ఒకే వాక్యం రాశాను: ఉన్ని ఎనభై శాతం, నైలాను ఇరవై శాతం, స్వచ్ఛమైనది కాదు. నమూనా ఎక్కడ నుంచి తీశానో రాయలేదు.

మేనేజరుగారు బజారు నుంచి ఆక్రిలిక్ స్వెట్టర్లు తెప్పించారు. పరీక్షకు తెచ్చిన స్వెట్టరును, రిపోర్టులో ఏముందన్న మాటను నూకాలు చేత తాతకు పంపేశాను. నేను వెళ్లలేదు.

మూడు వారాల తర్వాత నూకాలు లాబు కిటికీ దగ్గరికి వచ్చింది. తడిసిన స్వెట్టరు చేతులు మోచేతుల పైకి మడుచుకుని ఉంది.

"తాతకి పిచ్చెక్కినాది బాబూ. నాలుగు సెట్టర్లూ ఇప్పేసినాడు. బార బారకీ దారం తెంపి, కొన కాల్సి సూత్తన్నాడు. గదంతా ఒకటే కంపు. అన్నం కూడా తింతన్నాడో నేదో."

"ఎందుకు?"

"మీ కాయితంలో నైలానుందని రాసినారంట కదా. అదెక్కడ దాగుందో ఎతుకుతన్నాడు. అంతా బూడిదే వస్తన్నాదంట. బూడిదొచ్చే కొద్దీ ఇంకా ఎతుకుతన్నాడు. ఓడోళ్లు నన్ను మోసం సేసినార్రా అంటాడు, నా ముక్కే నన్ను మోసం సేసినాది అంటాడు." దగ్గు తెరలు తగ్గేదాకా ఆగింది. "ఆ వల దారం గానీ కాదు కదా అని అడిగినాను నాను."

"ఏ వల దారం?"

"మణికట్టు కాడ. ఐసు పలకల అంచులు ఉన్నిని కొరికేత్తాయి బాబూ, నెల్రోజులు కూడా ఆగదు. రేవులో వలలకేసే దారం సన్నపోగు కలిపి అల్లు తాతా అని నానే పోరినాను. నా సేత్తో నైలాను ముట్టనని నెల్లాళ్లు తిట్టినాడు. ఆఖరికి నా గోల పడలేక ఏసినాడు, ఆ ఒక్క పట్టీలోనే. అదా తాతా అంటే, కాదే, లాబు బాబుకి నాను పొట్ట కాడ దారం నా సేత్తో కోసిచ్చినాను, అందులో ఏ నైలానూ నేదు, అయినా ఉందంటన్నాడంటే ఉండే ఉంటాది, సదువుకున్నోడు అబద్ధం రాత్తాడేటి అన్నాడు."

నేను కిటికీ మూశాను. సొరుగులోంచి కవరు తీశాను. ఆయన కోసి ఇచ్చిన దారంలో సగం కాస్టిక్ సోడాలో వేసి వేడి చేశాను. పది నిమిషాల్లో పరీక్షనాళికలో ఏమీ లేదు. పసుపుపచ్చటి నీళ్లు తప్ప. మిగతా సగాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాను. రెండు రకాల పోగులు కనిపించాయి. ఒకటి గొర్రె ఉన్ని, పొలుసులు దగ్గరదగ్గరగా. రెండోది దానికంటే చాలా సన్నం, పొలుసులు దూరదూరంగా. మేక నూగు. కల్తీ దాచాడని నేను అనుకున్న మనిషి దాచింది అది. ఎవరికీ చెప్పకుండా, గుండెకు, పొట్టకు ఆనుకునే చోట, తన దగ్గరున్న అన్నింటికంటే మంచి దారం కలిపాడు.

మర్నాడు పొద్దున్నే డ్యూటీకి ముందు వెళ్లాను. తాత గుమ్మంలోనే ఉన్నాడు. చుట్టూ దారం ముక్కలు, కుప్పలు కుప్పలుగా. ఒళ్లో సూదులు లేవు. అల్లడం లేదు కాబట్టి వరస లేదు, వేలు ఎత్తలేదు. నా వైపు నేరుగా చూశాడు.

నేను మూడు విషయాలూ వరసగా చెప్పాను. మణికట్టు దగ్గర కత్తిరించాను. మీకు చెప్పలేదు. రిపోర్టులో కూడా రాయలేదు.

"నానిచ్చిన ముక్క ఏటి సేసినావు?"

"సొరుగులో పెట్టాను."

"ఎందుకు?"

"మీరిచ్చారు కాబట్టి."

తల పంకించాడు. "నానయినా అదే సేద్దును. సరుకోడు సేతికిచ్చిన ముక్కని ఎవుడు నమ్ముతాడు?" అన్నాడు. తర్వాత ముక్కల కుప్పలోకి చెయ్యి పెట్టి కలియబెట్టాడు. "ఓడోళ్లని నమ్మనేదు. కూలోళ్లని నమ్మనేదు. ఆ పూజారిని నమ్మనేదు. నీ కాయితాన్ని నమ్మినాను సూడు. దానిక్కూడా ఓ పుల్ల గీసుండాల్సింది."

నేను తల దించుకున్నాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"మేక నూగు కనిపించింది" అన్నాను.

మొదటిసారి ఆయన కళ్లలో కంగారు చూశాను. పక్క గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "నూకాలికి సెప్పకు. ఆ మేకది ఒక్క సెట్టరుకే సాలింది. నూకాలికి దగ్గని దాని సెట్టర్లోనే కలిపినాను. మిగతా పదమూడు మందికీ తెలిస్తే నన్ను బతకనిత్తారా?"

"ఆ స్వెట్టరు మీకెవరిచ్చారో ఇప్పుడైనా చెప్పండి."

"ఎందుకు?" అన్నాడు. మళ్లీ పాత మనిషి.

నైలాను మణికట్టు పట్టీలో మాత్రమేనని, మిగతాదంతా స్వచ్ఛమైనదేనని రెండో రిపోర్టు రాసి మేనేజరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఒకే సరుక్కి రెండు రిపోర్టులుంటే ఏది నమ్మమంటావయ్యా? ఆక్రిలిక్‌వి కొనేశాం గదా." తర్వాత కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "ఇంతకీ ఆ ముసలాయన నీకేమన్నా చుట్టమా?" కాదన్నాను. నమ్మలేదు.

తాత మళ్లీ మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కానీ ఇప్పుడు ఆయన దగ్గరున్న దారమంతా బారెడు ముక్కలు. ఒక్కో ముక్క చివర విడదీసి, నాలుకతో తడిచేసి, మరో ముక్క చివరతో కలిపి, రెండు అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే అతుక్కుంటుంది. జంతువు బొచ్చు మాత్రమే అలా అతుక్కుంటుంది, నైలాను అతుక్కోదు. ముందు నెలన్నరలో అయ్యే స్వెట్టరుకు ఇప్పుడు మూడు నెలలు పట్టేది. నేను ఆదివారాలు వెళ్లి అతికేవాడిని. నేను అతికిన ప్రతి అతుకునూ ఆయన రెండు చేతులతో లాగి చూసేవాడు. ఊడినవి పక్కన పెట్టేవాడు. మొదటి ఆదివారం నావి పదిలో ఏడు ఊడాయి.

మొదట నూకాలుదే మళ్లీ అల్లాడు. మణికట్టు పట్టీలో వల దారం మళ్లీ వేశాడు. ఈసారి నల్లటిది, దూరం నుంచి కూడా కనిపించేలా. "ఎవుడు కోసినా తెలియాల" అన్నాడు. నూకాలు దాన్ని తొడుక్కుని చలిగదిలోకి వెళ్లిన రోజు నేను లాబులో పని చేస్తూ గోడకు చెవి పెట్టాను. దగ్గు వినిపించింది. తక్కువగానా, నాకు అలా అనిపించిందా అన్నది చెప్పలేను. నా దగ్గర ముందు కొలతలు లేవు.

ఒక స్వెట్టరు అయ్యాక ఒకటి వచ్చేది. నూకాలు వాటిని ఎవరి సొంతమూ కానివ్వలేదు. తనదానితో సహా. ఐసు నీళ్లలో ముంచే బల్ల దగ్గర ఆ రోజు ఎవరి వంతయితే వాళ్లు తొడుక్కోవాలి. సర్దేవాళ్లకు, పేర్చేవాళ్లకు ఆక్రిలిక్. వంతుల పట్టీ నేనే రాసి గోడకు అంటించాను. ఎవరైనా తన వంతు కానిరోజు తొడుక్కున్నారేమోనని వాళ్లు ఒకళ్లనొకళ్లు ఇప్పటికీ అనుమానంగా చూసుకుంటారు.

తాత పోయిన రోజుకు ఆరోదానికి మెడ పట్టీ మాత్రమే అయింది. దాన్ని అల్లడం వచ్చినవాళ్లు ఆ వరసలో ఎవరూ లేరు.

చలిగదిలో పనిచేసేవారు పద్నాలుగు మంది. ఉన్ని స్వెట్టర్లు ఐదు.